గోడ ఉండగా చెట్లెందుకండీ!

సముద్రం ఒడ్డున చెట్లు శుద్ధ దండగ. ఈ మాట రెడ్డిగూడెంలో నా మామిడితోట గట్టు మీద కూర్చుని, పూర్తి స్పృహతో చెబుతున్నాను!

తీరాన మనకో పట్నం ఉంది. దాని ముందు మడ అడవి, ఆ వెనక సరుగుడు తోపు ఉండేవి. ఏం లాభం? మడ అడవికి ప్రారంభోత్సవం చేస్తారా? రిబ్బన్ ఎక్కడ కడతారు? ఆ బురదలోకి మంత్రిగారు తెల్ల పంచెతో ఎలా దిగుతారు?

అందుకే అన్నీ కొట్టేసి గోడ కట్టారు. రెండు కిలోమీటర్లు! పైన వాకింగ్ ట్రాక్, రంగురంగుల లైట్లు. చెట్లూ ఉంచి గోడా కట్టొచ్చు కదా అని మీటింగులో ఎవరో అడిగారట. ఇలాంటి వాళ్ళ వల్లే దేశం వెనకబడిపోతోంది.

ఇందులో నా సేవ కూడా ఉంది. గోడ సెంట్రింగుకు సరుగుడు బాదులు చాలలేదట. మా తోట తూర్పు గట్టున, గాలికి అడ్డంగా మా నాన్న పెంచిన సరుగుడు వరస ఉండేది. కాంట్రాక్టరుకు ఇచ్చేశాను. ముప్ఫై ఏళ్ళుగా మా తోటలో కాయ కోసే బుచ్చయ్య అడ్డుపడ్డాడు.

"ఆ చెట్లుంటేనే కాయ నిలబడుద్దండీ."

"గాలిని సముద్రం దగ్గరే ఆపేస్తున్నారయ్యా, ఇంత దూరం ఎలా వస్తుంది?" అని నవ్వాను.

మే నెలలో తుఫాను వచ్చింది. గోడ మహా గట్టిదండోయ్, ఒక్క పగులు లేదు! నీళ్ళు గోడ అయిపోయిన చోట చుట్టు తిరిగి ఊళ్ళోకి వచ్చాయి. తిరిగి పోదామంటే గోడ పోనిస్తేనా? మూడు రోజులు ఉంచుకుని మర్యాద చేసింది.

గాలి మాత్రం ఆగకుండా సాయంత్రానికి మా తోటకొచ్చింది. చిక్కంతో ఒక్కో కాయా కోస్తే నెల పట్టే పనిని అరగంటలో ముగించింది! నిచ్చెన అడగలేదు, మధ్యలో టీ అడగలేదు. ఇంతకంటే వరం ఏముంటుంది?

గాలి తగ్గాక బుచ్చయ్య, అతని భార్య రాజ్యలక్ష్మి వచ్చారు. ఏటా ఈ నెలంతా వాళ్ళ ఇల్లు గడిచేది మా కోత మీదే. పగిలిన కాయల మధ్య ఇద్దరూ కాసేపు నిలబడ్డారు.

"ఇయ్యి ఏరడానికి ఒక్క పూట చాలండీ," అంది రాజ్యలక్ష్మి. "మిగతా నెలంతా మేం ఎక్కడికి పోవాలండీ?"

సరుగుడు మళ్ళీ నాటితే అంత ఎత్తు రావడానికి ఏళ్ళు పడుతుంది. వాళ్ళకు పని రేపటికి కావాలి.

గోడ కట్టినవాళ్ళను నాలుగు తిట్టి ఈ వ్యాసం ముగిద్దామనే కూర్చున్నాను. కానీ రాజ్యలక్ష్మి నా మొహం వైపే చూస్తోంది.