పదకొండు మొండేలు

“ఈ ఊరి నేరస్థులకి ఒకటే దురదృష్టం, నేనిక్కడ పుట్టడం,” అన్నాడు మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య. చేసేది వాచీల రిపేరు. పని అయ్యాక కూడా కంటికి ఆ చిన్న భూతద్దం అలాగే ఉంచుకుని తిరిగితే డిటెక్టివ్ అయిపోవచ్చని గట్టి నమ్మకం.

ఆ ఆదివారం పెరటి వెనక తోపులో బావకి పదకొండు మొండేలు దొరికాయి. పుట్టగొడుగులవి. కాడలు నేలలోనే ఉన్నాయి, తలలు లేవు.

“ఒకే కత్తి, ఒకే చెయ్యి. హంతకుడికి బాగా అలవాటైన పని,” అన్నాడు మోకాళ్ళ మీద పాకుతూ.

అలవాటైన పనే మరి. పొద్దున్నే మా అత్తగారు కోసుకొచ్చారు. బుట్టలో మట్టి పడితే ఆవిడకి గిట్టదు, అందుకని ఎప్పుడూ నేలకి రెండు వేళ్ళ పైకే కోస్తారు. మధ్యాహ్నం ఆరుగురికీ అదే కూర వండబోతున్నారు. ఇదంతా విడమరిచి చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. తేలికైన జవాబు వెనకే నేరస్థుడు దాక్కుంటాడని నాకే పాఠం చెప్పి, సాక్ష్యం కోసం ఒక కాడ పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగితే అడుగుతో సహా ఊడింది, బావ బురదలో వెల్లకిలా పడ్డాడు. ఆకలికి నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

వంటింట్లో బాణలిలో నూనె కాగుతోంది. అత్తగారు ఇంకా ముక్కలు కొయ్యడం మొదలుపెట్టలేదు. బావ బురదోడుతూ వచ్చి, బుట్టలోని తలలు ఒక్కొక్కటే తీసి కాడకి ఆనించి చూశాడు. ఏడోది సరిగ్గా అతికింది.

“అమ్మా, ఇంక దాచి లాభం లేదు. కోసింది నువ్వే.”

“నేను కాక మీ నాన్న కోస్తారా?” అంటూ తిరిగిన అత్తగారు, కాడ అడుగు చూసి ఆగిపోయారు. అక్కడ పగిలిన గుడ్డు పెంకులాంటి తెల్లటి సంచి ఉంది.

“అడుగున సంచి ఉంటే విషం, ముట్టుకోవద్దని మా అమ్మ చెప్పేది,” అన్నారు. “పైపైన కోసుకొచ్చేదాన్ని, అడుగు చూసిందెప్పుడు?”

పొయ్యి ఆపేసి, పుట్టగొడుగులన్నిటినీ బుట్టతో సహా గోతిలో పూడ్చి, చేతులు రెండుసార్లు కడుక్కున్నారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. బావ ఒక్కడే కులాసాగా ఉన్నాడు. ముద్దాయి సాక్ష్యాన్ని పాతిపెట్టింది గనక నేరం ఒప్పుకున్నట్టేనని అందరికీ ప్రకటించాడు.

అత్తగారు గుడ్లు వేయించి, ముందు కొడుకుకే పెట్టి, బురద అంటిన తల నిమిరారు.

“చూశావా, లంచం,” అని నా చెవిలో చెప్పి, బావ ఇంకో రెండు పెట్టించుకున్నాడు.