చలపతిరావు తంగేడు వాకిలి

ఆ ఉదయం చలపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాలనీ తోటల పోటీకి వచ్చే పెద్దమనిషి చేత శభాష్ అనిపించుకోవడం. ఈ గుంటూరాయన నిరుడు దసరా వెళ్ళాక అమీర్‌పేటలో ఇల్లు కొన్నాడు. ఊరంతా సాఫ్ట్‌వేర్ మోజులో ఉంటే జావా పాఠాలు చెప్పుకుంటూ, ట్యాంకర్లకు ట్యాంకర్లు నీళ్ళు తాగే లాన్‌ను పీకించేసి వాకిలంతా తంగేడు, గునుగు, కలబంద పెంచాడు. అవి వాన చినుకులతోనే సరిపెట్టుకునేవి. భార్య సీతామహాలక్ష్మికే వాటిని చూస్తే ఒళ్ళు మండేది.

"వాకిట్లో ఈ అడివేంటండీ? ప్రైజు రాకపోతే రేపే పీకించి లాన్ వేయిస్తా!" అని తేల్చేసింది.

సరేనన్నాడు. తంగేడు విరగబూసి ఉంటే భయమెందుకు? తువ్వాలు భుజాన వేసుకుంటుండగా పక్కింటి రుద్రమ్మ గేటు దగ్గర నిలబడింది.

"సార్, ఇయ్యాల సద్దుల బతుకమ్మ గదా, జరన్ని తంగేడు పూలు తెంపుకోనా?"

పూజకు నాలుగు పూలు కాబోలనుకున్నాడు పాపం. బతుకమ్మను పళ్ళెంలో గోపురంలా పేరుస్తారని ఆయనకేం తెలుసు!

"దానికేం భాగ్యమమ్మా, ఎన్నైనా కోసుకోండి. మీవాళ్ళకీ చెప్పండి!" అనేసి దర్జాగా స్నానానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి వీధిలోని ఆడవాళ్ళంతా బుట్టలతో వాకిట్లో ఉన్నారు. గునుగు అప్పటికే ఖాళీ. అయ్యో అయ్యో అని అరవబోయాడు.

"గీ సారే!" అంది రుద్రమ్మ. "పోయినేడు ఎర్రగడ్డ మార్కెట్ల గింత కట్ట కోసం కొట్లాడినం. మన కోసమనే గిదంతా పెంచిండు!"

అందరూ దణ్ణాలు పెట్టారు. పొగిడితే ఆయన నోరు ఆయన మాట వినదు.

"పెరట్లో కూడా ఉన్నాయమ్మా," అన్నాడు.

పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చిన న్యాయనిర్ణేత హనుమత్ప్రసాద్, మోడుల మధ్య నిలబడి అటూ ఇటూ చూశాడు.

"తోట ఏదండీ?"

"పొద్దున ఉందండీ," అన్నాడు చలపతిరావు. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. హనుమత్ప్రసాద్ జాలిగా తలూపి, ఎదురింటి స్వరాజ్యం గారి లాన్ వైపు నడిచాడు.

సాయంత్రం ఆడవాళ్ళు బతుకమ్మలన్నీ తెచ్చి చలపతిరావు వాకిట్లోనే పెట్టారు. "అక్కా, నువ్వు ముంగట ఉండాలె," అంటూ సీతామహాలక్ష్మిని చెయ్యి పట్టి లాక్కెళ్ళారు. కాసేపటికి ఆమె చెమటతో, నవ్వుతో మంచినీళ్ళ కోసం లోపలికొచ్చింది.

"లాన్ వాళ్ళకి రేపు నేనే ఫోన్ చేస్తాలే," అన్నాడు నీరసంగా.

"లానా? మతుండే మాట్లాడుతున్నారా? వచ్చే ఏడు నా బతుకమ్మకి పూలెక్కణ్ణించి తెస్తారు? ఆ కలబంద కూడా తీసేసి తంగేడే వేయండి!"

బయట మైకులో ఉత్తమ తోట బహుమతికి స్వరాజ్యం గారి పేరు మూడోసారి పిలిచారు. ఆవిడ చలపతిరావు వాకిట్లో బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతోంది.