తొమ్మిదో పేజీలో నా క్రేను

ఎవరూ ఆడని కంప్యూటర్ గేమ్ తయారుచేయడమంత సుఖం ఈ లోకంలో మరొకటి లేదు. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో ఉండే జయప్రకాష్‌ని నేను. పగలు ఒక కాంట్రాక్టరు కాంటా దగ్గర లారీల బరువులు కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. మిగిలిన టైములో, ఒంటిచేత్తో, నాలుగేళ్లు కష్టపడి ‘బి షిఫ్ట్’ అనే గేమ్ తయారుచేశాను. ఆడేవాడు ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్. నిచ్చెనెక్కి కేబిన్‌లో కూర్చోవాలి, కింద ఎవరి నెత్తిమీదా పడకుండా ఇనుప చుట్టలు అటూ ఇటూ మోయాలి. నలభై నిమిషాలకు షిఫ్ట్ అయిపోతుంది. కానీ దిగడానికి వీల్లేదు. రిలీవర్ రావాలి! అంటే ఎక్కడో ఉన్న మరో ఆటగాడు ఆన్‌లైన్‌లో వచ్చి, ఆ నిచ్చెనెక్కి, చార్జి తీసుకోవాలి. కంప్యూటర్ కట్టేసి పారిపోయినా లాభం లేదు. మళ్లీ తెరిస్తే అదే కేబిన్‌లో ఉంటారు.

ఈ రూలు నా సొంత తెలివి కాదు. మా నాన్న తవిటయ్య ముప్పై నాలుగేళ్లు క్రేన్ తోలాడు. ఒకరోజు రిలీవర్ రాక, నా అక్షరాభ్యాసం ఆయన లేకుండానే జరిగిపోయింది. అంత గొప్ప నియమాన్ని గేములో పెడితే జనం విరగబడతారనుకున్నాను.

స్టోర్లో పెట్టి ఎనిమిది నెలలైంది. జనం ఎక్కడ విరగబడ్డారో ఇంతవరకు తెలియలేదు.

అయితే ఏం? లాభాలు చూడండి. బ్యాంకు లాకర్ కన్నా ఆన్‌లైన్ స్టోర్ భద్రం. నా గేము పేరు ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టినా ముందు చేపలు పట్టే పిల్లి గేము వస్తుంది. ఆ తర్వాత అదే పిల్లి రెండో భాగం. నాది తొమ్మిదో పేజీలో ఉంటుంది. ఏ దొంగకు అంత ఓపిక?

దొంగలంటే గుర్తొచ్చింది, పైరసీ బెడద కూడా లేదు. పరువు కోసం నేనే ఒక దొంగ సైట్‌కి నా గేము ఉచితంగా పంపాను. వాళ్లు పెట్టుకోలేదు!

పెద్ద గేములు చేసినవాళ్లను జనం రాత్రింబవళ్లు తిడుతుంటారట, పాపం. నా క్రేను కొక్కెం ఇప్పటికీ షెడ్డు కప్పులోంచి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఎవరైనా ఒక్క మాటన్నారా? వీడియోలు చేస్తామని పద్నాలుగు మంది ఉచిత కాపీలు అడిగి మరీ పుచ్చుకున్నారు. వాళ్ల మర్యాద చూడండి, ఒక్కరూ తెరవలేదు. ‘తర్వాత కొంటాం’ అని జాబితాలో రాసుకున్నవాళ్లు పదకొండు మంది. పెళ్లికార్డు పుచ్చుకుని ‘తప్పకుండా వస్తాం’ అనే చుట్టాల్లాంటివాళ్లన్నమాట.

కొన్నవాళ్లు బొత్తిగా లేకపోలేదు. నాతోపాటు కాంటాలో పనిచేసే ప్రేమ్‌కుమార్ కొన్నాడు. షిఫ్ట్ అయ్యాక రిలీవర్ కోసం గంట సేపు ఎదురుచూశాడు. రెండు గంటలు దాటకముందే వద్దంటే డబ్బు వాపసిస్తారని స్టోర్ రూలు. వాపసు తీసుకుని, మర్నాడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. మా అమ్మాయి తనుశ్రీ పావుగంట వెతికి, “పాపా, ఇస్‌మే ఎగ్జిట్ కా బటన్ కహాఁ హై?” అంది. బయటికొచ్చే బటన్ లేదన్నాను. జాలిగా చూసి వెళ్లిపోయింది.

నువ్వే వెళ్లి రిలీవ్ చేయొచ్చుగా అంటారా? కేబిన్ ఎక్కాలంటే ముందు ట్రైనింగ్ పాసవ్వాలి. అది నేను ఇంతవరకు పాసవ్వలేదు. మా నాన్నను అడిగి అడిగి, అచ్చం నిజంలా తయారుచేశాను మరి! తయారుచేసేటప్పుడు దొంగదారిన ఎక్కేవాణ్ణి. అమ్మకానికి పెట్టేముందు నిజాయితీ పొంగుకొచ్చి ఆ దారి మూసేశాను. మా నాన్న పాసవుతాడు కానీ గేము మొహమే చూడడు. “ముప్పై నాలుగేళ్లు తోల్నాను, సాల్దేటి?” అంటాడు.

ఇవాళ ఆదివారం. పొద్దున పదకొండింటికి చూద్దును కదా, నా స్క్రీన్ మీద పచ్చచుక్క వెలుగుతోంది. డ్యూటీలో ఎవరో ఉన్నారు! పేరు పెక్కా61. మా చుట్టం కాదు. ఎక్కి మూడు గంటలైంది. వాపసు గడువు దాటిపోయినా కూర్చునే ఉన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ వెంటనే భయం వేసింది. ఇంకో అయిదు నిమిషాల్లో విసుగెత్తి పోతాడు. పోతే మళ్లీ రాడు.

మా నాన్న పేపరు పట్టుకుని అటుగా వచ్చాడు. “ఎవుడ్రా ఆడు?”

“ఏ దేశపోడో నాన్నా. మూడు గంటలబట్టి దిగలేక కూకున్నాడు.”

“రిలీవరేడి?”

“లేడు.”

“లేడంటే ఏటి? మడిసిని మీద కూకోబెట్టి అలాగొగ్గీసినావా? లెగు.”

కాళ్లు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని నా కుర్చీలో కూర్చున్నాడు. ట్రైనింగ్ మొదటిసారికే పాసయ్యాడు. నిచ్చెనెక్కి చార్జి తీసుకున్నాడు. అవతలివాడు ‘థాంక్యూ బ్రదర్’ అని రాసి దిగడం మొదలెట్టాడు. మా నాన్న స్క్రీన్ వైపు వంగి, “జాగర్తగా దిగు నాయనా, మెట్లు జారతాయి” అన్నాడు.

నలభై నిమిషాల్లో మా నాన్న షిఫ్ట్ కూడా అయిపోయింది. భోజనానికి పిలిచాం. లేవలేదు.

“రిలీవరు రాకుండా నానేనాడైనా దిగేనా?”

“పోనీ, నేను కూకుంటాను నాన్నా.”

“టైనింగు ఫెయిలైనోడికి చార్జి ఇచ్చీమంటావేటి?”

కంచం అక్కడికే తెస్తానంటే, కేబిన్‌లో తిండి తినకూడదన్నాడు.

అందుచేత పాఠకులారా, ఎవరికీ కనబడకపోవడమే మహాభాగ్యమన్న మాటకు నేను కట్టుబడే ఉన్నాను. నా గేము కొనండని మిమ్మల్ని దేబిరించేంత దిగజారలేదు. ఊరికే సమాచారం కోసం చెబుతున్నాను: పిల్లిని దాటండి, రెండో పిల్లినీ దాటండి, తొమ్మిదో పేజీలో కింది నుంచి మూడోది. ట్రైనింగ్ కాస్త శ్రద్ధగా చేసి తొందరగా రండి. మా నాన్న బీపీ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి.