పంటు మీద చిలకపచ్చ ఓణీ

రిటైరైన నెలకే సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు రాజమండ్రి వెళ్ళి రంగులూ, కుంచెలూ, కాన్వాసులూ కొనుక్కొచ్చారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన సర్వేయరు. ముక్తేశ్వరం చుట్టుపక్కల ఎవరి చేను ఎక్కడిదాకానో గొలుసు పట్టి కొలిచి గీసిన చెయ్యి. బొమ్మల్లోకి దిగినా దానికి పాత అలవాటు పోలేదు. ఆయన బొమ్మల్లో గోదావరి తిన్నగా పారేది. కొబ్బరిచెట్లు సమాన దూరంలో నిలబడేవి. ఆవులు హద్దు దాటి మేసేవి కావు.

పైగా ఆ పేరొకటి. కింద పూర్తిగా సంతకం చేస్తే అది నది మధ్యదాకా వచ్చేసేది.

"పేరు కాస్త తగ్గించి రాయకూడదా అండీ, పడవ గుద్దుకునేలా ఉంది," అంది ఆయన భార్య హేమ.

ఆయన వేసిన మొదటి బొమ్మ నూతి దగ్గర డ్రమ్ముకి మూతయింది. రెండోది కొబ్బరికాయల గదిలో కిటికీకి అడ్డం వెళ్ళింది. మూడోదాని వెనకవైపు హేమ మినప వడియాలు పెట్టి, ఎండిన తర్వాత ఒలుచుకుంటూ, "మంచి గుడ్డండీ, ఒక్కటీ అంటుకోలేదు," అంది. ఆ ఇంట్లో ఆయన కళకి దక్కిన మొదటి మెప్పు అదే.

రావుగారి కోరికల్లా ఒక్కటే. హాల్లో గోడ మీద తన బొమ్మ ఒకటి ఉండాలి. అక్కడ మామగారు జగ్గారావు గారి ఫొటో, గుబురు మీసాలతో, గోడంతా తనదేనన్నట్టు ఉంది. దాని పక్కన బోలెడు చోటుంది.

"హాల్లో వద్దండీ. వచ్చేపోయేవాళ్ళుంటారు," అంది హేమ.

"వాళ్ళు చూడ్డానికే కదా."

"అందుకే వద్దంటున్నాను."

రావుగారు ఆలోచించి ఆలోచించి ఒక ఎత్తు వేశారు. హేమ బొమ్మే వేసేస్తే? తన బొమ్మని తాను ఎవరైనా నూతి దగ్గర పెట్టుకుంటారా?

ఏ బొమ్మ వెయ్యాలో ఆయన వెతుక్కోనక్కర్లేదు. కుర్రతనంలో ఓ సాయంత్రం కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కారు ఆయన. బల్ల మీద ఒక అమ్మాయి కూర్చునుంది. చిలకపచ్చ ఓణీ, ఒళ్ళో పనస తొనల బుట్ట. గాలికి జడ విడిపోతుంటే ఒక చేత్తో జుట్టూ, ఒక చేత్తో బుట్టా పట్టుకోలేక అవస్థ పడుతోంది. పంటు ముక్తేశ్వరం చేరేసరికి రావుగారి పని అయిపోయింది. ఆ తర్వాత ఆరునెలలు జగ్గారావు గారింటికి మధ్యవర్తుల్ని తిప్పి ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు. ఇప్పటికీ గోదారి గాలి వేస్తే ఆయనకి పనసపండు వాసన వస్తుంది.

కొబ్బరికాయలు ఏరతానని చెప్పి, కాయల గదిలో తలుపేసుకుని రహస్యంగా పని మొదలెట్టారు.

"ఉన్నవి పదిచెట్లు. వాటి కాయలు ఇన్నాళ్ళు ఏరుతున్నారేంటండీ?" బయట నుంచి అడిగింది హేమ.

"నాణ్యం చూసి ఏరాలి కదా."

"మీ మీసానికి పచ్చరంగేంటి?"

"పచ్చికాయలు."

నది కుదిరింది. పంటు కుదిరింది. ఓణీ అద్భుతంగా కుదిరింది. మొహం దగ్గర వచ్చింది చిక్కు. ఆ గాలీ, ఆ జుట్టూ, ఆ బుట్టా కళ్ళకి కట్టినట్టున్నాయి గాని, ముక్కెలా ఉండేదో, గడ్డం ఎంత ఉండేదో ఎంత తలచుకున్నా పట్టుబడటం లేదు. ఇప్పటి హేమ మొహం అడ్డొచ్చేస్తోంది. ఆ రోజుల ఫొటో ఒక్కటీ లేదు.

హేమది అచ్చం తండ్రి పోలిక అని అందరూ అనేవారు. రావుగారు హాల్లోకి వెళ్ళడం, మామగారి ఫొటో కేసి తదేకంగా చూడటం, గదిలోకి పరిగెత్తడం, ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఎన్నడూ లేనిది మావగారి మీద ఇంత భక్తేమిటా అని హేమ ఆశ్చర్యపోయింది.

ఆదివారం పొద్దున్న బొమ్మ తెచ్చి హాల్లో కుర్చీ మీద నిలబెట్టి, పిలిచారు.

హేమ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. బొమ్మకేసి, గోడమీది తండ్రికేసి, మళ్ళీ బొమ్మకేసి చూసింది.

"ఎవరండీ ఈ పిల్ల?"

"నువ్వే. పంటు మీద. మొదటిసారి చూసినప్పుడు."

"ఈ బుట్టేంటి?"

"పనస తొనలు."

హేమ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. "ఆ రోజు బుట్ట పట్టుకుని కూర్చున్నది నేను కాదండీ. మా బేబి. నేను వెనకాల నిలబడ్డాను, తల తిరుగుతుంటే."

రావుగారి గుండె పంటు దిగి నీళ్ళలో పడినట్టయింది.

"కాదు హేమా. చిలకపచ్చ..."

"చిలకపచ్చది బేబిదే. అంటే ఇన్నేళ్ళూ మీ మనసులో ఉన్నది మా చెల్లెలన్నమాట."

"అయ్యో, అలాక్కాదు."

"ఏం చెయ్యను. పెళ్ళికి ముందే అడిగుంటే ఆ ముక్క నేనే చెప్పేదాన్ని," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఆయన కాఫీ ఆయనే కలుపుకున్నారు. పంచదార ఎక్కడుందో అడగడానికి ధైర్యం చాలక ఉత్తదే తాగారు.

సాయంత్రానికి వంటింట్లోంచి ఫోను మాటలు వినిపించాయి. "బేబీ, మీ బావగారు నీ బొమ్మ వేసేరే. నీ ఓణీల వయసు బొమ్మే. వచ్చి పట్టుకెళ్ళు."

మర్నాడు ముమ్మిడివరం నుంచి ఆటోలో దిగారు బేబీ, ఆమె భర్త కృష్ణమోహనూ. బేబి మనవలెత్తినా పేరు మాత్రం ఎదగలేదు. రొయ్యల చెరువులు చూసుకునే కృష్ణమోహన్ పెద్దగా మాట్లాడని మనిషి. ఆయన బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, రొయ్య ఆరోగ్యం చూసినంత శ్రద్ధగా చూశారు.

"అన్నయ్యగారూ, మా ఆవిణ్ణి ఎప్పుడు చూసి వేసేరండీ?"

"చూడలేదు తమ్ముడూ. ఊరికే, గుర్తుండి."

"ఆయ్. గుర్తుండి," అన్నారు కృష్ణమోహన్. ఆ తర్వాత టీ తాగినంతసేపూ ఆయన రావుగారి కేసి చూడలేదు.

బేబి మాత్రం పొంగిపోయింది. "నాకు ఆ వయసు ఫొటో ఒక్కటీ లేదు బావగారూ. మా హాల్లోనే పెట్టుకుంటాను."

హాలు అన్న మాటకి రావుగారికి కళ్ళు చెమర్చాయి. దక్కక దక్కక దక్కిన హాలు ముమ్మిడివరంలో దక్కింది.

రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆటోలోకి ఎక్కించేటప్పుడు కృష్ణమోహన్ తెల్లచొక్కా వీపు మీద గోదావరి అచ్చుపడింది, సంతకంతో సహా. ఆయన కూర్చున్నాక బేబి ఆగి బావగారిని అడిగింది.

"ఇంతకీ ఏ రోజండీ ఇది?"

"అదే, మీ మేనత్తగారింటి నుంచి పనస తొనలు తెచ్చుకున్నారే, ఆ రోజు."

"ఆ రోజు నేనెక్కడొచ్చేనండీ. గవదబిళ్ళలొచ్చి ఇంట్లో పడుకున్నాను. అక్కొక్కతే వెళ్ళింది." అని ఆటో ఎక్కి, "పర్లేదులెండి, అక్క ఇచ్చేసింది కదా, నేనే అనుకుంటాను," అంది.

ఆటో వెళ్ళిపోయింది. రావుగారు వీధిలో కాసేపు నిలబడి లోపలికొచ్చారు. హేమ పీటేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఆ రోజు బేబి పంటెక్కలేదంట."

"ఎక్కలేదు."

"మరి?"

హేమ తలెత్తింది. "ఆ మొహం చూసేరా మీరు? మా నాన్నగారికి ఓణీ కట్టినట్టుంది. పక్కనే ఆయన ఫొటో కూడాను. వచ్చినవాళ్ళు కవలలా అని అడుగుతారు."

"అందుకని బేబికి అంటగడతావా?"

"దాన్దేముంది. అదీ ఆయన కూతురే."

రావుగారికి కోపం రావాలి. రాలేదు. ఆమె ఎదురుగా నేలమీద కూలబడ్డారు.

"అయితే బుట్ట పట్టుకున్నది నువ్వే."

"ఇంకెవరు."

"ఓణీ చిలకపచ్చే."

"చిలకపచ్చే. ఉతికితే రంగు పోయింది, అమ్మ తిట్టింది." హేమ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "మీరు గళ్ళచొక్కా వేసుకున్నారు. బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. రేవు రాగానే గొడుగు పంటు మీద వదిలేసి దిగిపోయేరు. మర్నాడు దానికోసం వచ్చినట్టు వచ్చి, మా వీధిలో వెతికేరు."

ఆ గొడుగు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ పంటు మీద చూసినది తానొక్కడేననుకున్నారు.

"మళ్ళీ వేస్తాను," అన్నారు.

"వెయ్యండి. అప్పటిదాన్ని కాదు, ఇప్పటిదాన్ని. ఎదురుగా కూర్చుంటాను. ఇది బాగా వస్తే హాల్లోనే పెడదాం."

రావుగారు లేచిన విసురుకి చిక్కుడుకాయలు చెల్లాచెదురయ్యాయి. కాన్వాసొచ్చింది, కుర్చీలొచ్చాయి. కిటికీ వెలుతురు పడేలా ఆమెని కూర్చోబెట్టి, "కదలకూడదు. కదిలితే పోలిక చెడిపోతుంది," అని గట్టిగా చెప్పారు.

"ఆయ్," అంది హేమ.

కాసేపటికి, పెదవులు కదిపీ కదపకుండా, "టీ వేళయిందండీ," అంది.

"పెట్టుకురా."

"కదలకూడదన్నారు కదా."

టీ ఆయన పెట్టారు. అన్నం ఆయనే వండారు. చిక్కుడుకాయ కూరలో ఉప్పెంతో కుర్చీలోంచే చెప్పింది హేమ. మర్నాడు చూసి చెవి కుదరలేదంది. వారం పోయాక జడ సరిగ్గా లేదంది. ఈమధ్య రావుగారు పప్పుచారు బాగా పెడుతున్నారు. బొమ్మ ఇంకా పూర్తికాలేదు. పూర్తిచేసే తొందర ఆయనకీ ఉన్నట్టు లేదు.