కనాతు వెనక హుసేన్‌బీ

"ఇకమీదట మహమ్మదీయ స్త్రీని సర్కారు చట్టం ఒక చెయ్యి, మతాచారం ఒక చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి" అని డిప్యూటీ తహసీల్దారు వరహాలరావుగారు అనంతగిరి దారిలోని మా సంతలో టముకు వేయించారు. రెండు చేతులూ పట్టేసుకుంటే ఆవిడ గాజుల మలారం ఎవరు మోస్తారని నాకు సందేహం వచ్చింది. వారికి రాలేదు. అందుకే వారు అధికారి అయ్యారు, నేను ఉప్పు కొలుస్తున్నాను.

మా సంతకు వచ్చే మహమ్మదీయ స్త్రీ ఒక్కతే, హుసేన్‌బీ. ఆమె చేత గాజులు తొడిగించుకోని ఆడది ఈ కొండమీద లేదు. మలారాలు పొట్టిగుర్రం మీద వేసుకుని ఘాటీ ఎక్కి వస్తుంది. ఆ గుర్రం ఆమె గాజులమ్మి కొనుక్కున్నది. ఆమెను వదిలేసి పార్వతీపురంలో ఇంకో కాపురం పెట్టిన మొగుడు ఖాదరు, మొన్న ఉన్నట్టుండి ఊడిపడి, పెళ్లాం గుర్రం మొగుడిదేనంటూ పలుపు విప్పబోయాడు. హుసేన్‌బీ పిటీషను పెట్టుకుంది.

వరహాలరావుగారు తలుచుకుంటే తామే తీర్పు చెప్పెయ్యగలరు. కాని మతాన్ని చిన్నచూపు చూశారన్న మాట రాకూడదని, కొండ కింద నుంచి ఖాజీగారిని డోలీలో రప్పించి, గుడారంలో తమ పక్కనే కుర్చీ వేయించారు.

"షరియతు ఏమంటుంది, ఖాజీగారూ?"

"భార్య సొత్తు భార్యదే. భర్తకు అందులో హక్కు లేదు."

"బ్రహ్మాండం! మన లా కూడా డిటో!"

జనం చప్పట్లు కొట్టారు. హుసేన్‌బీ గుర్రం దగ్గరికి నడిచింది.

"ఆగు! ఘోషా స్త్రీ ఇలా పదిమందిలో తిరగడం మతానికి అవమానం కాదూ?" అన్నారు వరహాలరావుగారు.

"నానెప్పుడు ఘోషాలో ఉన్నాను బాబూ? ఘోషాలో కూకుంటే గాజులెవులు తొడుగుతారు?"

"నీకు తెలీదు. నీ మతం సంగతి మేం పుస్తకంలో చదివాం."

ఖాజీగారు ఏదో చెప్పబోయారు. అంతలో కాఫీ వచ్చింది.

బంట్రోతులు గుడారపు కనాతు గుడ్డ తెచ్చి హుసేన్‌బీ చుట్టూ తెరలా కట్టారు. వరహాలరావుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇప్పుడు లోపలున్నది పిటీషనరేనని రుజువేమిటి? ఐడెంటిఫికేషను కావాలి."

"హుసేన్‌బీ గాదేటి? మన ముందే గదా లోపలికెల్లింది" అన్నాడు కొండదొరల పెద్ద గాసి.

"ఘోషా స్త్రీని పరాయి మగవాడు గుర్తుపట్టకూడదు. ఆ హక్కు భర్తకే ఉంది."

ఖాదరు కనాతు ఎత్తి తీరిగ్గా లోపలికి చూశాడు. తర్వాత గుర్రం వైపు చూశాడు.

"ఈవిడెవులో నాకు తెల్దు బాబూ. నా పెళ్లాం గాదు."

కనాతు ఒక్కసారి కదిలింది.

"ఖాజీగారూ! ఇంతమందిలో కాదనేసినాడు గదా, నాకు తలాకు అయిపోయినట్టేనా?"

"ఎలా అవుతుందమ్మా? తలాకు చెప్పాలంటే ముందు పెళ్లామని ఒప్పుకోవాలి కదా" అన్నారు ఖాజీగారు. ఆయన నిజంగానే బాధపడ్డారు.

వరహాలరావుగారు లేచి నిలబడి తీర్పు చదివారు.

"హుసేన్‌బీ గుర్రం హుసేన్‌బీదే. ఇందులో రెండు చట్టాలకూ తిరుగులేదు. అయితే హుసేన్‌బీ హాజరు కాలేదు. ఆమె దొరికేవరకు గుర్రాన్ని భర్త భద్రపరచవలెను."

స్త్రీ జాతికి ఇంత గౌరవం జరగడం నేనెన్నడూ చూడలేదు. ఒళ్లు మండిపోయింది. కాని ఉప్పు లైసెన్సు వారి చేతిలో ఉంది కనుక నేనూ చప్పట్లు కొట్టాను. ఖాదరు గుర్రమెక్కి ఘాటీ దిగిపోయాడు.

పై వారం సంతకు హుసేన్‌బీ మలారం నెత్తిన పెట్టుకుని కొండెక్కి వచ్చింది. కాళ్లు వాచిపోయి ఉన్నాయి. వరహాలరావుగారి భార్య రత్నాలమ్మగారు ఆమె ముందు పీట వేయించుకుని చెయ్యి చాపారు. పక్కనే టముకు మల్లేశు సర్కారువారి కొత్త ప్రకటన మొదలెట్టాడు.

"గాజుల హుసేన్‌బీ కనబడుట లేదహో! ఆచూకీ తెలిసినవారు కచ్చేరీలో చెప్పవలెనహో!"

"ఆ ఎర్రవి కూడా చూపించు, హుసేన్‌బీ" అన్నారు రత్నాలమ్మగారు.

హుసేన్‌బీ అమ్మగారి మణికట్టు వదలకుండానే తలెత్తింది.

"దొరికితే నాకూ సెప్పు మల్లేశూ. ఆమె గుర్రాన్ని మొగుడు అమ్మేసినాడని ఆమెకు సెప్పాల."