తక్కెడ గారి వంటింటి తనిఖీ

ఆ శనివారం ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి బజారుకు వెళ్లడం, ఒక మిక్సీ కొనడం, పదకొండింటికి ఇల్లు చేరడం. గోధుమలూ పాలూ ఆమె కడుపుకు పడవనీ, వాటి నలుసు కూడా తగలకూడదనీ డాక్టరు చెప్పి వారమైంది. పాత మిక్సీ సందుల్లో పదేళ్ల గోధుమపిండి పేరుకుని ఉంది. ఆమె కోర్టులో టైపిస్టు. సోమవారం ప్రమోషన్ పరీక్ష. కిందటి రెండుసార్లూ కడుపు పట్టుకుని మధ్యలోనే లేచి వచ్చేసింది. మూడోసారీ తప్పితే ఇక అవకాశం లేదు.

ఇంత చిన్న పథకం ఆమె భర్తకు రుచించలేదు. ఆయన తూనికల శాఖలో ఇన్‌స్పెక్టరు. అంగళ్లలో తూకపు రాళ్లు తనిఖీ చేసి ముద్ర వేయడం ఆయన పని. ఆఫీసులో అందరూ చాటున ఆయన్ని తక్కెడ గారు అంటారు. అది గౌరవంతో పెట్టిన పేరని ఆయన నమ్మకం.

"మిక్సీ ఒక్కటి చాలండీ," అంది ఆమె.

"నువ్వు టైపు సంగతి చూసుకో. యంత్రాల సంగతి నాకొదిలెయ్," అన్నారు తక్కెడ గారు, నలభై ప్రశ్నల జాబితా మడిచి జేబులో పెట్టుకుంటూ.

కొట్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో గోధుమ ఉందా?"

ఉక్కు యంత్రంలో గోధుమ ఎందుకుంటుందని సేల్స్‌మన్ అడగలేదు. అలా అడిగేవాడైతే ఆ ఉద్యోగంలో నెల కూడా నిలిచేవాడు కాదు.

"లేదు సార్. పాలు కూడా లేవు."

"రాసిస్తావా?"

"ఇదొక్కటేమిటి సార్, ఆ వరసలో ఉన్న నాలుగు యంత్రాలకీ రాసిస్తాను."

ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే రకాలు ఇద్దరూ అలా ఒకచోట కలిశారు. సాయంత్రానికి పిండిమర, రొట్టెలు చేసే యంత్రం, గింజల నుంచి పాలు తీసే యంత్రం, నూనె లేకుండా వేయించే యంత్రం ఇంటికొచ్చాయి. మిక్సీ మాత్రం మరిచిపోయారు. వంటింట్లో చోటు చాలక గిన్నెలు అటకెక్కాయి, పొయ్యి వరండాలోకి వెళ్లింది. నాలుగూ ఒకేసారి నడిపితే ఇల్లంతా కరెంటు పోయింది.

"పొయ్యి ఏదిరా అబ్బాయ్?" అని చీకట్లో అత్తగారు తడుముకున్నారు.

"దాంతో ఇక పనిలేదమ్మా," అన్నారు తక్కెడ గారు.

ఆదివారమంతా వంటింట్లో ఒకటే రొద. ఆమె లోపలి గదిలో టైపు సాధన చేసుకుంటూ, పోనీలే, నా కోసమేగా అనుకుంది. ఆయన మీద కాస్త జాలి కూడా పడింది. తెలివైన మనిషి చేయకూడని పని అది.

సాయంత్రం ఆయన బియ్యప్పిండి రొట్టె, బాదం పాలు పళ్లెంలో పెట్టి తెచ్చారు. ఆమె రొట్టె తుంచింది.

"మెత్తగా వచ్చిందే. మొదటిసారికే కుదిరిందా?"

"మొదటిసారా? పొద్దుట్నుంచీ పరీక్షిస్తూనే ఉన్నా." ఆయన గర్వంగా ఒక పట్టిక చూపించారు.

"మొదట దేంతో చేశారు?"

"అసలు సరుకుతో. మరలో గోధుమలు పోశా. ఆ పిండితోనే రొట్టెలు చేశా, వాటి ముక్కలు వేయించా. పాల యంత్రంలో ఆవుపాలు పోసి చూశా. కొత్త రాయిని అసలు రాయితో పోల్చకుండా ముద్ర వేస్తామా?"

ఆమె చేయి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "తర్వాత కడిగారా?"

"నీళ్లు తగిలితే పాడవుతాయని తుడిచాను. నాలుగింటికీ ఒకటే గుడ్డ."

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. "నాకు ఏది పడదో అదే వెతికి మరీ అన్నింట్లోనూ పోశారన్నమాట."

"శాస్త్రీయ పద్ధతంటే ఈ ఇంట్లో ఎవరికీ గౌరవం లేదు," అని తక్కెడ గారు నొచ్చుకున్నారు.

ఆమె పళ్లెం పక్కకు నెట్టేసింది. చెప్పులేసుకుని వీధి చివరి కొట్టుకు వెళ్లి చిన్న గిన్నె, బంగాళాదుంపలు కొనుక్కొచ్చింది. వరండాలో పొయ్యి మీద ఉడకబెట్టుకుని రాత్రి అవే తింది, పొద్దున అవే తింది. పరీక్షలో చివరి గంట కొట్టేదాకా కుర్చీలోంచి కదల్లేదు. పాసైనట్టు అక్కడికక్కడే చెప్పారు. మెట్లు దిగుతుంటే తన కాళ్లు తనకే తేలికగా అనిపించాయి.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో డాక్టరు ఎదురయ్యాడు. లోపల తక్కెడ గారు మంచం మీద ముడుచుకుపోయి మూలుగుతున్నారు. నమూనాలు వృథా చేయకూడదన్న నియమం ప్రకారం ఆరు గోధుమ రొట్టెలూ మూడు లీటర్ల పాలూ ఆయనొక్కరే పూర్తి చేశారట.

"వారం రోజులు ఆయనకు గోధుమలూ పాలూ చూపించకండి," అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు.

"అమ్మాయ్, అన్ని యంత్రాలు కొన్నాడు కదా," అన్నారు అత్తగారు ఆదుర్దాగా. "వాటిలో వాడికేదైనా చేసిపెట్టు."

"వాటిలో గోధుమ ఉందత్తయ్యా," అంది ఆమె చెప్పులు విప్పుతూ. "ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా పరీక్షించారు."