జబ్బు పేరు: ఇతరములు

రోగం రావడానికి ఏ అర్హతా అక్కర్లేదు గానీ, రోగిని "కూర్చోండి" అనడానికి మాత్రం అర్హతాపత్రం ఉండి తీరాలని ఆరోగ్య కార్యాలయ నిర్వహణ శిక్షణా మండలి వారు ఏకగ్రీవంగా తీర్మానించారు. అప్పటికి మానవజాతి కొన్ని వేల ఏళ్ళుగా ఏ అర్హతా లేకుండానే ఒకరినొకరు కూర్చోమంటూ వస్తోంది. పోనీలే పాపం, తెలియక చేశారని మండలి వారు పాతవాళ్ళ జోలికి పోలేదు. ఇకమీదట మాత్రం పన్నెండు వారాల ఆన్‌లైన్ కోర్సు, నలభై ఎనిమిది వీడియోలు, ఆఖర్న కెమెరా ముందు పరీక్ష.

ఈ వార్త డాక్టరుగారి ఆస్పత్రికి ఒక సోమవారం చేరింది. ఆస్పత్రి అంటే మరీ పెద్దది ఊహించుకోకండి. ముందుగదిలో ఇరవై రెండు కుర్చీలు, లోపలి గదిలో ఒక డాక్టరుగారు, ఈ రెంటికీ మధ్య ఒక బల్ల, బల్ల వెనక కౌంటరక్క. ఆవిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. పదకొండేళ్ళుగా దానితో ఎవరికీ పని పడలేదు.

"చూడమ్మా, నీ మీద నాకు నమ్మకమే," అన్నారు డాక్టరుగారు. "నా మీదే మండలికి నమ్మకం లేదు. మూడు నెలల్లో సర్టిఫికెట్ తెచ్చుకో. లేదంటే అది ఉన్నవాళ్ళని ఆ కుర్చీలో కూర్చోబెట్టాల్సి వస్తుంది."

"అందులో ఏం నేర్పుతారండీ?"

"నువ్వు చేసే పనే."

"మరి నేను చేస్తూనే ఉన్నాను కదండీ?"

"చేస్తున్నావు. నేర్చుకోలేదుగా," అన్నారు డాక్టరుగారు. ఆవిడ సరేనంది. ఇంటి అద్దె, కూతురి కాలేజీ, అత్తగారి మోకాళ్ళ మందులు, ఈ మూడూ ఆ కుర్చీ కాళ్ళ మీదే నిలబడి ఉన్నాయి. (నాలుగో కాలు లారీ నడిపే భర్త. అది ఆనినప్పుడు ఆనుతుంది, లేనప్పుడు లేదు.)

ఇంటికొచ్చి విషయం చెబితే అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది.

"పదకొండేళ్ళు చేసిన పని మళ్ళీ నేర్పుతారా? తాతకి దగ్గులు నేర్పడం అంటే ఇదేనే!"

నేర్పారు. మొదటి వారం పాఠం "స్వాగతం". దాన్ని బోధించిన చిరునవ్వుల పర్యవేక్షణాధికారి గారు నలభై నిమిషాల వీడియోలో ఒక్కసారి కూడా నవ్వలేదు. (పదవిలో ఉండగా నవ్వితే పక్షపాతం అవుతుందట.) రోగిని చూసి నవ్వే నవ్వు రెండు సెకన్లకు తగ్గరాదు, నాలుగు సెకన్లకు మించరాదు, పళ్ళు పైవరుస మాత్రమే కనపడాలి. దీన్ని ల్యాప్‌టాప్ కెమెరా కొలుస్తుంది. కౌంటరక్క పదమూడుసార్లు నవ్వింది. పదమూడుసార్లూ తెర మీద "అసంపూర్ణం" అని పడింది. ఆ నవ్వుతో ఎన్ని వందలమంది ఇంజెక్షన్ భయం పోగొట్టిందో కెమెరాకేం తెలుసు? పద్నాలుగోసారి, కోడలి అవస్థ చూడలేక వెనక మంచం మీద అత్తగారు పకపకా నవ్వింది. "శ్రేష్ఠం, తదుపరి పాఠానికి వెళ్ళండి" అని పడింది. ఆవిడ బోసినోట్లో పళ్ళు పైవరుసలో లేవు, కిందివరుసలోనూ లేవు. నియమం ఎక్కడా అతిక్రమించినట్టు కాదు.

మూడో వారం "సంబోధన". తెర మీదికి నమూనా రోగి వచ్చాడు. బూడిదరంగు చొక్కా, కనురెప్ప వేయడు, దగ్గడు.

"రండి బాబాయ్, కూర్చోండి," అంది కౌంటరక్క మైకులో.

తెర ఎర్రబడింది. "బంధుత్వ ప్రకటన గుర్తించబడినది. రోగి మీ బాబాయి అనడానికి ధ్రువపత్రం జతచేయండి."

"అందరినీ అలాగే అంటానుగా!" అంది ఆవిడ. ఆ మాట కూడా మైకు వినేసింది. వెంటనే "మీకు గల బాబాయిల సంఖ్య నమోదు చేయండి" అని ఒక గడి తెరుచుకుంది. ఆ గడి నింపకపోతే పాఠం ముందుకు కదలదు. ఆవిడ నిజాయితీపరురాలు కాబట్టి వేళ్ళ మీద లెక్కపెట్టి, చివరికి ఓపిక లేక తొమ్మిది వందలని వేసింది. అంగీకరించారు.

కళ్ళు మూడు సెకన్లకు మించి తెర వదిలి పోరాదన్నది ఇంకో నియమం. ఆవిడేమో పదకొండేళ్ళుగా గుమ్మం వైపు చూసే మనిషి. ఎవరు నడిచి వస్తున్నారో, ఎవరు గోడ పట్టుకుని వస్తున్నారో ఆవిడకి చెప్పులు విడిచే చప్పుడులోనే తెలిసిపోతుంది. కోర్సు పుణ్యమా అని ఎనిమిదో వారానికి గుమ్మం వైపు చూడ్డం సగం మర్చిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోవడం అంటే ఏమిటో అని అత్తగారు రోజూ గుర్తుచేస్తూనే ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఏడో నంబరు ఒక ఎత్తు. ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి.

ఆ ఆస్పత్రిలో వచ్చిన వరసన ప్లాస్టిక్ బిళ్ళలిచ్చేవారు, ఒకటి నుంచి అరవై దాకా. అందులో ఏడో నంబరు బిళ్ళ పదకొండేళ్ళలో ఏ రోజూ మామూలు రోగి చేతికి పోలేదు. పొద్దున్నే రాగానే కౌంటరక్క దాన్ని మేకు నుంచి తీసి సొరుగులో పడేసేది. పదకొండు గంటలకో పన్నెండింటికో ఎవరో ఒకరు ఊపిరందక, రంగు మారిపోయి వస్తారు. లోపల ఇరవయ్యో నంబరు నడుస్తుంటుంది. ఊరికే ముందు పంపితే ఇరవై రెండు కుర్చీలూ లేచి దెబ్బలాడతాయి. అందుకని ఆ మనిషి చేతిలో ఆ బిళ్ళ పెట్టి, "ఏడో నంబరు! ఏడో నంబరు ఎక్కడికి పోయారండీ ఇంతసేపు?" అని గట్టిగా కసిరేది. పాపం, పొద్దున్నే వచ్చి ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటాడులే అని జనం దారిచ్చేవారు. జనం మంచివాళ్ళే. కాకపోతే వాళ్ళ మంచితనానికి ఒక నంబరు చూపించాలి. మూడు వీధుల అవతల ఉండే దగ్గు తాత ఈ బిళ్ళ చలవ వల్ల నాలుగుసార్లు బతికి బయటపడ్డాడు. ఈ సంగతి తాతకి తెలియదు, డాక్టరుగారికీ తెలియదు.

ఆఖరి పరీక్షలో నమూనా ఆస్పత్రి తెరిచారు. నలభైమంది నమూనా రోగులు వరసగా నిలబడ్డారు. ఆవిడ చేయి అలవాటు కొద్దీ ఆరు ఇచ్చి ఎనిమిదికి పోయింది. "ఏడో నంబరు గల్లంతు. క్యూ సమగ్రత: సున్నా. అనుత్తీర్ణులు." రెండోసారి జాగ్రత్తగా చేసింది, మళ్ళీ అదే జరిగింది. క్యూ క్రమశిక్షణ ఉపసంచాలకుల కార్యాలయం నుంచి, ఇక ఒక్క అవకాశమే మిగిలి ఉందని సంతాపం లాంటి సందేశం వచ్చింది.

"అమ్మా, వాళ్ళు బొమ్మలే. ఏడు ఇచ్చెయ్యమ్మా," అంది కూతురు.

"ఇచ్చేశాక ఎవరైనా ఆయాసపడుతూ వస్తేనో?"

"బొమ్మలకి ఆయాసం రాదే తల్లీ!"

మూడోసారి ఇచ్చేసింది. బూడిదరంగు చొక్కా వాడు ఏడో నంబరు తీసుకుని రెప్పవేయకుండా వెళ్ళి కూర్చున్నాడు. వాడు బొమ్మని తెలిసినా ఆవిడ పెద్దగా నిట్టూర్చింది. నూటికి తొంభై ఎనిమిది మార్కులు వచ్చాయి. అనధికారిక నిట్టూర్పు కింద రెండు కోసేశారు.

సర్టిఫికెట్ పట్టుకుని ఆస్పత్రికి వెళ్తే మేకు లేదు, బిళ్ళలు లేవు. గుమ్మం పక్కన చీటీల యంత్రం నిలబడి ఉంది. మీట నొక్కితే పేరు, జబ్బు అడిగి నంబరు చీటీ ఇస్తుంది. దానికి ఏడంటే ప్రత్యేకమైన గౌరవం ఏమీ లేదు. మొదటి రోజే ఏడో నంబరు, చెవిలో గుబిలి తీయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషికి పోయింది.

రెండో రోజు నుంచి కౌంటరక్క ఒక పని చేసింది. ఆరుగురు చీటీలు తీసుకునేదాకా ఆగి, లేచి వెళ్ళి తన పేరు మీద తనే ఒకటి నొక్కింది. జబ్బు ఏమిటని యంత్రం అడిగింది. వరసలో అన్నిటికన్నా కింద ఉన్న "ఇతరములు" ఎంచుకుంది. ఏడో నంబరు చీటీ సొరుగులోకి వెళ్ళింది. ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకుని వస్తే చీటీ వాళ్ళ చేతికిచ్చి, కంప్యూటర్‌లో తన పేరు తీసి వాళ్ళ పేరు పెట్టేది. రాని రోజు సాయంత్రం దాకా అలాగే ఉంచేది. ఎవరూ రాని రోజు ఆవిడకి పండగ.

మూడు నెలలకి మండలి ఆరోగ్య విశ్లేషణ విభాగం నుంచి ఉత్తరం వచ్చింది.

"మీరు 'ఇతరములు' అను వ్యాధితో డెబ్భై ఒక్క పర్యాయములు నమోదై, ఒక్క పర్యాయము కూడా వైద్యునికి చూపించుకొనలేదని గుర్తించడమైనది. తన ఆరోగ్యమును నిర్లక్ష్యము చేయువారికి ఇతరుల ఆరోగ్యము అప్పగింపరాదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సమర్పించు వరకు మీరు కుర్చీలో కూర్చొనరాదు."

డాక్టరుగారు తల పట్టుకున్నారు. "రోజూ ఒంట్లో బాగుండకపోతే నాకో మాట చెప్పొచ్చు కదమ్మా!"

నిజం చెబితే మోసం, చెప్పకపోతే రోగం. కౌంటరక్క రోగాన్నే ఒప్పుకుంది. ఆ కుర్చీలో నూటికి నూరు మార్కులొచ్చిన కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. మంచి పిల్లే. కాకపోతే ఆ పిల్ల నెత్తి మీద మండలి కెమెరా ఒకటి బిగించి ఉంది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలంటే డాక్టరుగారు చూడాలి. చూడాలంటే చీటీ తీసుకోవాలి. మర్నాడు పొద్దున్నే కౌంటరక్క రోగులతో పాటు వరసలో నిలబడింది. ముందు ఆరుగురున్నారు. చేతికి ఏడో నంబరు వచ్చింది. దాన్ని చూసి ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పదకొండేళ్ళలో తన కోసం తను తీసుకున్న మొదటి ఏడు అది.

లోపల ఆరో నంబరు ఉండగా గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. ఒక చెప్పు ఊడింది, రెండోది ఊడలేదు. కౌంటరక్క తల తిప్పింది. దగ్గు తాత గోడ పట్టుకుని వస్తున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, చేతిలో యంత్రం ఇచ్చిన నలభై ఒకటో నంబరు చీటీ ఉంది. తాత దగ్గడం లేదు, అదే భయం వేసింది ఆవిడకి.

పరుగెత్తి పట్టుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి, తన చీటీ తాత పిడికిట్లో పెట్టింది.

"ఏడో నంబరు! ఎక్కడికి పోయావు తాతా ఇంతసేపు?" అని కసిరింది.

ఈలోగా ఆరో నంబరు బయటికి వచ్చింది. కొత్తమ్మాయి తెర చూసింది, తాతని చూసింది, నెత్తి మీద కెమెరాని చూసింది.

"అక్కా, ఏడో నంబరు మీ పేరు మీద ఉంది. నేను పేరు మార్చానంటే ఈ కుర్చీ ఊడుతుందక్కా. ఇంట్లో నేనొక్కదాన్నే..." ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మార్చకమ్మా. నువ్వేం మార్చొద్దు. నా పేరు మీదే పంపించు. చీటీ ఉందా లేదా?"

"ఉంది."

"నంబరు వచ్చిందా లేదా?"

"వచ్చింది."

రోగి తన పేరులాగే కనిపించి తీరాలన్న నియమం నలభై ఎనిమిది వీడియోల్లో ఎక్కడా లేదు. కొత్తమ్మాయి మూడు సెకన్లపాటు పైవరుస పళ్ళు కనపడేలా నవ్వి, కౌంటరక్క పేరు పెట్టి పిలిచింది. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని తాతని లోపలికి చేర్చారు.

డాక్టరుగారు మనిషిని చూసి మందిచ్చారు. పేరు సంగతి కంప్యూటర్ చూసుకుంది. ఆక్సిజన్ పెట్టారు, గుండె పరీక్ష చేశారు, ఇంజెక్షన్ ఇచ్చారు. గంట గడిచేసరికి తాత మళ్ళీ దగ్గాడు. ఆ దగ్గు విని ముందుగదిలో కౌంటరక్క కొంగు కళ్ళకద్దుకుంది.

సాయంత్రానికల్లా మండలి నిర్ణయం ఫోనుకి వచ్చింది. సదరు అభ్యర్థిని గుండె బలహీనంగానూ, ఊపిరితిత్తులు వయసుకి మించి అరిగిపోయినట్టుగానూ పరీక్షలో తేలినందున కుర్చీకి శాశ్వతంగా అనర్హురాలు. నలభై ఒకటో నంబరు రోగి పిలిచినా రానందున కోలుకున్నట్టు పరిగణించడమైనది.

"ఏమన్నారే?" అంది అత్తగారు గుమ్మంలోనే.

"గుండె జబ్బట అత్తయ్యా."

"అయ్యో! ఎవరికే?"

"నాకే. తాతకి తగ్గిపోయింది," అంది కౌంటరక్క. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, చాలాసేపు మంచినీళ్ళు తాగుతూ నిలబడింది. అత్తగారు ఆ పూటకి సామెతలు మాని అన్నం కలిపి పెట్టింది.

రెండు వారాల తర్వాత ఆ ఆస్పత్రి రికార్డుల్లో మండలి వారికి ఒక విచిత్రం కనపడింది. రోజూ ఆరుగురి తర్వాత కొత్తమ్మాయి పేరు మీద ఒక చీటీ నమోదవుతోంది. జబ్బు: ఇతరములు. విశ్లేషణ విభాగం అత్యవసరంగా సమావేశమై, ఈ జబ్బు అంటువ్యాధి అనీ, అది మనుషుల్లో కాక కుర్చీలో ఉందనీ తేల్చి, కుర్చీని తీయించేసింది. ఇప్పుడు అక్కడ యంత్రం ఒక్కటే ఉంది. దానికి ఇంతవరకూ ఏ జబ్బూ రాలేదు.